తెరకవతల మూడు సీట్లు

నాన్న చితాభస్మాన్ని కూడా బిజినెస్ క్లాసులో తీసుకెళతానన్నాడు మా అన్న గ్యారిక్.

పెర్త్ విమానాశ్రయంలో గేటు దగ్గర ఉన్నాం. ముందు వరుసలవాళ్లను లోపలికి పిలుస్తున్నారు. డబ్బా నా ఒళ్లో ఉంది. గ్యారిక్ చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వు టామ్సిన్. కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకెళతావా ఆయన్ని?"

"బతికున్నన్నాళ్లూ వెనక సీట్లోనే తిరిగాడు. ఇప్పుడు నీ పక్కన కూర్చోబెడితే ఊపిరాడదు."

"పోయినవాడికి ఊపిరేమిటే?"

"నువ్వు లాయరువి కదా, నువ్వే చెప్పు."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నా డబ్బు, నా సీటు. వారమంతా కుక్కలా పనిచేస్తాను. రెండున్నర గంటలు కాళ్లు చాపుకుంటే నీ సొమ్మేం పోయింది?" అనేసి క్యూ పక్కనుంచి నడిచి వెళ్లిపోయాడు.

పక్కనే కూర్చున్న నోలీన్ అత్త మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆమె ఎటు మొగ్గుతుందోనని నాకు భయం వేసింది.

బ్రూమ్ ఊరికి ఉత్తరాన తీరంలో ముత్యపు చిప్పలు పెంచే మా వ్యాపారాన్ని నాన్న ముగ్గురికి సమానంగా రాసి పోయాడు. గ్యారిక్‌కి, నాకు, తన చెల్లెలు నోలీన్‌కి. గ్యారిక్ పెర్త్‌లో గనుల కంపెనీల తరఫున వాదిస్తాడు. ఆ తీరాన్ని రిసార్టులు కట్టే కార్బిన్ లీస్క్‌కి అమ్మేయాలని పట్టుబట్టాడు. నేను బడి మానేసిన దగ్గర్నుంచీ ఆ పడవల మీదే బతుకుతున్నాను. అమ్మితే నేనూ, నాతో పనిచేసే తొమ్మిదిమందీ రోడ్డు మీదే. మిగిలింది అత్త మాట. బ్రూమ్ దగ్గర రోబక్ బే నీళ్లలో భస్మం కలిపాక చెబుతానంది. అంటే ఈ మధ్యాహ్నమే.

విమానం పైకి లేచి సీటు బెల్టు దీపం ఆరగానే ముందువైపు నీలం తెర వేసేశారు.

"చూడు అత్తా, సొంత తండ్రిని సముద్రంలో కలపడానికి వెళుతూ కూడా మనకీ తనకీ మధ్య తెర వేసుకున్నాడు."

"తెర వాడు వెయ్యలేదు. ఆ అమ్మాయి వేసింది." అత్త మోకాలు రుద్దుకుంటోంది. "వాడి డబ్బు వాడు తగలేసుకుంటే నీకెందుకే మంట?"

"ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు పరుపేసుకుని పడుకోమను, నాకేం? ఇది ఇంటి పని. మోకాలు పట్టేసిన నిన్ను ఇక్కడ ఇరికించి తనక్కడ కూర్చోడానికి మనసెలా ఒప్పింది?"

"నాకు సీటు కొనమని నేను అడిగానా?" అత్త నా వైపు తిరిగింది. ఆల్బనీలో ముప్పైయేళ్లు పబ్బు నడిపిన మనిషి. తాగినవాడి కళ్లలోకి చూసి బయటికి పంపించే చూపు అది. "పబ్బులో ఖరీదైన సీసాలు తాగేవాళ్ల వల్లే నేను అద్దె కట్టగలిగాను. అక్కడ వాళ్లు అంత కట్టబట్టే ఇక్కడ నీ టికెట్టు ఈ ధరకొచ్చింది. సంపాదించాడు, సొంత డబ్బుతో కొన్నాడు, కూర్చున్నాడు. నాకందులో తప్పేం కనిపించట్లేదు. నీకు కుళ్లు, అంతే."

"కుళ్లే అనుకో."

"అనుకోవడం కాదు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను మీ ఇద్దర్నీ."

అంతలో తెర పక్కకి జరిపి ఒక విమాన సిబ్బంది కుర్రాడు వచ్చాడు. అత్త వైపు వంగి చిరునవ్వు నవ్వాడు. ముందు గ్యారిక్ గారి పక్క సీటు ఖాళీగా ఉందట. అత్తగారి మోకాలికి హాయిగా ఉంటుందని ఆయన అన్ని ఏర్పాట్లూ చేశారట.

అత్త లేచింది. నా మోకాళ్ల మీద చెయ్యి ఆన్చి, నన్ను దాటుకుని నడవాలోకి వెళ్లింది. "చూశావా, మనసు లేదన్నావు" అంది, కావాలనే నలుగురికీ వినబడేలా. తెర మళ్లీ పడింది.

ఓడిపోయానని అప్పుడే తెలిసింది. దిగేదాకా అతను ఆమె చెవిలో నూరిపోస్తాడు. నేనిక్కడ బిస్కెట్ ముక్క నములుతూ కూర్చోవాలి. కాసేపు ఓర్చుకున్నాను. తర్వాత డబ్బాని బ్యాగులో పెట్టి బెల్టుతో నా సీటుకి కట్టి, ముందుకి నడిచాను.

ఆ కుర్రాడే తెర దగ్గర అడ్డుపడ్డాడు. "క్షమించాలి, ఇది దాటకూడదండి."

"మా అత్తతో ఒక్క మాట."

"ఓ, మీరూ లీస్క్ గారి మనుషులా? ఆయన మూడు సీట్లే తీసుకున్నారే."

అతని భుజం మీదుగా చూశాను. కిటికీ పక్కన గ్యారిక్. అతని పక్కన అత్త, చేతిలో నురగల వైన్ గ్లాసు. నడవాకి అటువైపు తెల్ల గడ్డం మనిషి తన గ్లాసు ఎత్తి ఆమెతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మా రేవుకి రెండుసార్లు వచ్చి చిప్పల బుట్టలు కాలితో తన్ని చూసిన మనిషి. అత్త ఎప్పుడూ అతన్ని చూడలేదు.

అరిస్తే వెనక్కి పంపేస్తారు. అందుకే మామూలు గొంతుతోనే అడిగాను.

"గ్యారిక్, నీ సీటుకి డబ్బు కట్టిందెవరు?"

అతను తల తిప్పాడు. ముఖంలో రంగు మారింది. "వెళ్లి కూర్చో టామ్సిన్."

"అత్తా, నీతో గ్లాసు కలిపిన ఆయన పేరు అడిగావా?"

"గ్యారిక్ స్నేహితుడు. కార్బ్ అన్నాడు." అత్త ఆగింది. గ్లాసు వైపు చూసింది. అతని వైపు చూసింది. "కార్బిన్ లీస్కా?"

"అదృష్టవశాత్తూ ఒకే విమానంలో పడ్డాం మేడమ్" అన్నాడు లీస్క్.

"మూడు సీట్లూ ఒక్కరే కొన్నారటగా, ఈ అబ్బాయి చెప్పాడు" అన్నాను.

అత్త గ్లాసు కింద పెట్టింది. మా వైపు పబ్బుల్లో ఒక పద్ధతి ఉంది. ఒకసారి నువ్వు అందరికీ కొంటే, మరోసారి నేను కొనాలి. ఎదుటివాడి వంతు తాగేసి తన వంతు రాకముందే జారుకున్నవాణ్ణి అత్త మళ్లీ గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. ఎవరికి తిరిగి కొనిపెట్టడం తనకి ఇష్టం లేదో, వాడి చేతి గ్లాసు ఆమె అసలు ముట్టదు. ఇప్పుడు ముట్టింది, సగం తాగేసింది కూడా.

"ఈ సీటు ఎంత లీస్క్?"

"మేడమ్, ఇదో చిన్న మర్యాద."

"ఎంతని అడిగాను."

"పదిహేను వందల డాలర్లు, దాదాపు."

"నీ నంబరు చెప్పు. దిగగానే నీ ఖాతాలో పడతాయి. ఈ గ్లాసుకి కూడా." ఫోన్ తీసి, కళ్లజోడు పెట్టుకుని, అతను చెప్పిన నంబరు ఒక్కొక్క అంకే నొక్కుకుంది. తర్వాత ఫోన్‌ని గ్యారిక్ ముందు పెట్టింది. "నువ్వూ రాసుకో. నీ సీటు డబ్బు నువ్వు ఇచ్చెయ్యి. గేటు దగ్గర నా డబ్బు, నా సీటు అన్నావు కదా, విన్నాను."

"అత్తా, ఊరుకో. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నీ జీతానికి ఇది టీ నీళ్లు."

"జీతం సంగతి కాదు." గ్యారిక్ గొంతు పళ్ల మధ్య నుంచి వచ్చింది. "రెండున్నర గంటల కుర్చీకి పదిహేను వందలు జేబులోంచి ఏ వెధవైనా పెడతాడా?"

లీస్క్ కళ్లు మూసుకున్నాడు. "గ్యారిక్, ఇక మాట్లాడకు" అన్నాడు మెల్లగా. అప్పటికే ఆలస్యమైంది.

"సరే. సొంత డబ్బు ఈ కుర్చీకి పెట్టవు గానీ, మా అన్న తీరాన్ని మాత్రం పెట్టేస్తావు" అంది అత్త. "లీస్క్, నా వాటా నీకు రాదు. నువ్వు లే గ్యారిక్. వెనక నా సీటు ఖాళీగా ఉంది, దానికి నేను డబ్బు కట్టాను. వెళ్లి కూర్చో."

"నువ్వు?"

"నేను దీనికీ కడుతున్నాను. ఇక్కడే కూర్చుంటాను. మోకాలికి బాగుంది." ఆమె సీటు మీట నొక్కి కాళ్లు చాపింది. నా వైపు చూసినప్పుడు ఆ చూపులో ఏ ప్రేమా లేదు. "నీ కుళ్లు నీదే టామ్సిన్. నీకోసం చేశాననుకోకు. తెర వెయ్యి."

వేశాను.

గ్యారిక్ నా పక్కన మధ్య సీట్లో కుదించుకుని కూర్చున్నాడు. అతని మోకాళ్లు ముందు సీటుకి తగిలాయి. ఆ సీట్లో కూర్చున్న ఒక గని కార్మికుడు వెనక్కి తిరిగి, కదలకు మేట్ అన్నాడు. గ్యారిక్ మోకాళ్లు పక్కకి ఒరగబెట్టాడు. కిటికీలో ఎర్రమట్టి, దాని అంచున ఆకుపచ్చ నీళ్లు కనబడ్డాయి.

"కోర్టుకెళతాను" అన్నాడు చివరికి.

"వెళ్లు."

"ఖర్చులకే నీ పడవలన్నీ అమ్ముకుంటావు."

"బెల్టు పెట్టుకో" అన్నాను. "దిగుతున్నాం."