వెనకవైపు మీట

డ్రయ్యర్‌లోంచి తీసిన బట్టలు టేబుల్ మీద కుప్పపోసి పిల్లల మేజోళ్ళకు జత వెతుకుతున్నాను. పక్కనే చక్కెర డబ్బాకు ఆనించిన ఫోన్‌లో రెండు కంప్యూటర్ మదర్‌బోర్డుల బొమ్మలు. ఒక జత కుదిరినప్పుడల్లా ఒకసారి అటు చూస్తున్నాను. మా ఆయన డ్వేన్ కాఫీ కప్పుతో వచ్చి, నా భుజం మీదుగా తొంగి చూసి నవ్వాడు.

"నువ్వింకా కిటికీ పరదాలు చూస్తున్నావనుకున్నా. ఇవి నీకెందుకు బంగారం? నా పాతవి ఉన్నాయిగా."

మా ఇంట్లోనే కాదు, ఇక్కడ కెనడాలో, మా విన్నిపెగ్ ఊళ్ళో డ్వేన్ స్నేహితులందరి ఇళ్ళల్లోనూ ఇదే రివాజు. మగవాడు ఇంటి కింది బేస్‌మెంట్‌లో కొత్త కంప్యూటర్ కట్టుకుంటాడు. విప్పిన పాత భాగాలతో భార్యకొకటి తయారవుతుంది. భార్యది పిల్లలకు పోతుంది. దీనికెవరూ ఏ పేరూ పెట్టలేదు. పెడితే ఎంగిలి అనాలి. పెళ్ళయినప్పటి నుంచి నేను వాడిన ప్రతి కంప్యూటర్‌కూ అంతకుముందు డ్వేన్ ఆడిన ఆటల దుమ్ము పట్టి ఉండేది. దులుపుకుని వాడుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను.

ఈసారి పాతవి ఎందుకు పనికిరావో చెప్పడానికి ప్రయత్నించాను. మ్యాపుల ఆఫీసులో నా పాత పైఅధికారి పట్రీషియా ఫోన్ చేసింది. మంచు కరిగితే రెడ్ నది ఏ వీధి దాకా వస్తుందో చూపించే వరద మ్యాపులు కావాలట. ఇంట్లో కూర్చునే చేయొచ్చట. "ముందు ఒక చిన్న ముక్క పంపిస్తాను లోరెన్, గీసి చూపించు. ఆ తర్వాత నదంతా నీదే" అంది. రెండో కాన్పు తర్వాత ఆఫీసు మానేశాక, నా పేరు పెట్టి నన్ను ఒక పని అడిగిన మొదటి మనిషి ఆమె. ఇంట్లో అందరూ అడుగుతారు, కానీ పేరు పెట్టి కాదు. అమ్మా, అంటారు. ఏమోయ్, అంటారు. నా బూట్లెక్కడ, అంటారు.

మా పుట్టింట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. నాన్న రైల్వే యార్డులో పని చేసేవాడు. నా చిన్నప్పుడు నది పొంగిన ఏడు, నీళ్ళు ఎటునుంచి వస్తాయో తెలియక ఇంటికి రెండు వైపులా ఇసుక బస్తాలు మోశాడు. నీళ్ళు వచ్చింది ఒకవైపే. రెండో వైపు మోసిన బస్తాల నొప్పి ఆయన నడుంలో చివరిదాకా ఉండిపోయింది. నేను మ్యాపులు చదివింది అందుకే. పట్టా తీసుకున్న రోజు నాన్న నా టోపీ సరిచేస్తూ, "ఇక నువ్వు చెప్పు, మేం వింటాం" అన్నాడు. ఆ మాట అన్న మగవాడు నా జీవితంలో ఆయనొక్కడే.

ఆ రెండు బోర్డుల గురించి అప్పటికి చాలా చదివాను. వంట చేస్తూ, పిల్లల్ని ఐస్ స్కేటింగ్‌కు దింపి కారులో కూర్చుని చదివాను. మొదటిది డ్వేన్ పాత ప్రాసెసర్‌నూ పాత మెమరీనీ ఇముడ్చుకుంటుంది. అంతే, దాని దారి అక్కడితో ఆఖరు. ముందు ముందు వచ్చేవేవీ అందులో కూర్చోవు. రెండోది పాతవాటిని ఒప్పుకోదు, అన్నీ కొత్తవే కావాలి. కానీ నా మ్యాపులకు కావలసినంత మెమరీ పడుతుంది, రాబోయే ప్రాసెసర్లకూ చోటుంటుంది. నాకు బాగా నచ్చింది మాత్రం దాని వెనకవైపున్న చిన్న మీట. బోర్డు తయారయ్యాక వచ్చిన ప్రాసెసర్ పెడితే చాలా బోర్డులు దాన్ని గుర్తుపట్టవు, తెర నల్లగానే ఉండిపోతుంది. ఈ బోర్డుకు మాత్రం ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఆ మీట నొక్కి పట్టుకుంటే చాలు. ప్రాసెసర్ లేకపోయినా, మెమరీ లేకపోయినా, కొత్త సంగతులు తనంతట తనే నేర్చుకుంటుంది. ఆ వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఒక బోర్డు మీద అసూయపడ్డానంటే ఎవరైనా నవ్వుతారు.

డ్వేన్ అక్కడికక్కడే స్నేహితుడు ట్రెవర్‌కు ఫోన్ కలిపి స్పీకర్ నొక్కాడు.

"ఒరేయ్, మా ఆవిడ బోర్డు ఎంచుతోందిరా."

"అబ్బో! గులాబీ రంగువి కూడా వస్తున్నాయని చెప్పు. ఇంతకీ ఏం ఆడుతుందేంటి?"

"మ్యాపులురా."

"మ్యాపులా? దానికి ఫోన్ చాలదూ!"

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే తర్వాత వాళ్ళ నవ్వుకు నేనే సంజాయిషీ చెప్పుకోవాలి.

ఆదివారం భోజనానికి అత్తగారు ఓల్గా ఇంటికి వెళ్ళాం. ఆలుగడ్డ కూరి కజ్జికాయల్లా చేసే పెరోగీలు చుట్టేది ఆమె, ఉడకబెట్టేదీ గిన్నెలు తోమేదీ నేను. వాటి మీద మీగడ వడ్డిస్తూ ఆవిడ అంది: "డ్వేన్ తన చేతులతో కంప్యూటర్ కట్టి ఇస్తానంటున్నాడట కదా అమ్మాయ్. మా ఆయన నాకు బల్బు కూడా మార్చలేదు. మంచి మొగుడు దొరికినప్పుడు మంకుపట్టు పట్టకూడదు."

"మంకుపట్టు కాదు ఓల్గా, పని కోసం."

"పనా? ఇంట్లో చాలడంలేదా నీకు?"

అయినా నేను తగ్గలేదు. రెండోదే కావాలన్నాను. డ్వేన్ చేతులెత్తేసి, "సరే మహారాణీ, నీ మాటే. ఆ కంప్యూటర్ల దుకాణంలో నాకు సభ్యత్వం ఉంది, నేనే తెస్తాలే" అని నా బ్యాంకు కార్డు తీసుకెళ్ళాడు. శుక్రవారం సాయంత్రాలు సరుకుల దుకాణంలో బిల్లులు కొట్టి కూడబెట్టుకున్నదంతా ఆ కార్డులో ఉంది. ఆ సాయంత్రం వంటింటి పక్కన ఈ టేబుల్ ఖాళీ చేశాను. బట్టల కుప్ప తీసేశాను. తడిగుడ్డతో తుడిచి, ఆరాక మళ్ళీ తుడిచాను.

డ్వేన్ వచ్చాడు. బోర్డు పెట్టె చంకలో ఉంది. నేరుగా బేస్‌మెంట్ మెట్లు దిగాడు. కాసేపటికి పైకి వచ్చాడు, చేతుల్లో తన పాత కంప్యూటర్. దాన్ని తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"ఆ బోర్డు అదిరింది బంగారం! దుకాణంలో కుర్రాళ్ళు కూడా ఎవరు ఎంచారని అడిగారు. మా ఆవిడే అన్నా. అంత మంచిదాన్ని నీ మ్యాపులకు పెడితే వృథా కదా, అందుకే నాదాన్లో వేస్తున్నా. ఇప్పుడిప్పుడే విడుదలైన కొత్త ప్రాసెసర్ కూడా రప్పిస్తున్నా. ఇది చూడు, విప్పే పని కూడా లేదు, మొత్తం నీకే. నాది మొదలవకముందే నీకు ఇచ్చేశా!"

అది నాది. ఈ రెండు మాటలు చాలు. నోటిదాకా వచ్చాయి. కానీ అతని ముఖంలో దొంగతనం లేదు, నిజమైన సంతోషం ఉంది. నన్ను మెచ్చుకుంటున్నాడు. తిట్టేవాడితో ఎలా పోట్లాడాలో మా అమ్మను చూసి నేర్చుకున్నాను గానీ, నా దగ్గర్నుంచి తీసుకుంటూ నన్నే మెచ్చుకునేవాడితో ఎలా పోట్లాడాలో నాకెవరూ చూపించలేదు. "థాంక్స్" అన్నాను. అలవాటు.

పట్రీషియా పంపిన ముక్క మా నాన్న ఇంటి దగ్గరి నది వంపుదే. పాత కంప్యూటర్‌లో తెరిచాను. సగం నది వచ్చింది. మిగతా సగం బూడిదరంగు గళ్ళుగా ఆగిపోయింది. మళ్ళీ తెరిచాను. అనవసరమైనవన్నీ మూసేసి, పిల్లల ఫోటోలు కూడా తీసేసి, మళ్ళీ తెరిచాను. ప్రతిసారీ మా పాత వీధి మొదట్లోకి రాగానే ఫ్యాను రొద పెట్టి తెర బిగుసుకుపోయేది. పట్రీషియాకు ఇంకొంచెం గడువు కావాలని రాశాను. ఫోన్ చేసింది. "నీ చేతి మీద నాకు అనుమానం లేదు లోరెన్. కానీ మంచు మన కోసం ఆగదు కదా. వేరే ఆయనకు ఇచ్చేశాం, ఏమనుకోకు" అంది. ఏమీ అనుకోలేదన్నాను. ఫోన్ పెట్టేసి పిల్లల లంచ్ డబ్బాలు కడిగాను. కడుగుతూ ఆలోచించాను, నది మునిగేవాళ్ళనైనా ముందు హెచ్చరిస్తుంది కదా అని. నా నీళ్ళు ఎటునుంచి వచ్చాయో నాకే తెలియలేదు. నేను ఎంచినదే నన్ను ముంచింది. నేను సరిగ్గా ఎంచాను, అదే నా తప్పయింది.

డ్వేన్ కొత్త ప్రాసెసర్ శనివారం వచ్చింది. మధ్యాహ్నమంతా బేస్‌మెంట్‌లోంచి స్క్రూల చప్పుడు, ఈలపాట. తర్వాత ఈల ఆగింది. తర్వాత తిట్లు. నేను బట్టల బుట్టతో మెట్ల పైన నిలబడ్డాను. కింద కంప్యూటర్‌లో దీపాలు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది.

"ఏమోయ్! ఇది బతకట్లేదు. నువ్వు దీని గురించి పుస్తకాలకు పుస్తకాలు చదివావుగా. ఏదైనా చెయ్యాలంటావా?"

నాలుగు మెట్లు దిగాను, మీట నాకు కనబడుతూనే ఉంది. కంప్యూటర్ పెట్టెను అతను వెనక్కి తిప్పి పెట్టాడు. అతని మోచేతికి జానెడు దూరంలో, కందిగింజంత మీట. చెబితే అయిదు నిమిషాల పని. అతను ఎగిరి గంతేస్తాడు. ట్రెవర్‌కు ఫోన్ చేసి మా ఆవిడ మహా తెలివైందంటాడు. ఆ తెలివి అతని బేస్‌మెంట్‌లో వెలుగుతుంది.

"నాకు తెలియదు" అన్నాను.

తెలిసినదాన్ని తెలియదనడం నా జీవితంలో అదే మొదటిసారి. తరగతిలో అందరికంటే ముందు చెయ్యెత్తినదాన్ని. ఇక నువ్వు చెప్పు, అని నాన్న చేత అనిపించుకున్నదాన్ని. ఆ రెండు మాటలతో నాలో ఏదో గెలిచిందని రాయాలని ఉంది. గెలవలేదు. చదువుకున్నదాన్ని, చదువును దాచుకునేదాన్నయ్యాను, అంతే.

డ్వేన్ నిట్టూర్చి పైకి వచ్చాడు. "సోమవారం దుకాణంలో చూపిస్తాలే. రాత్రికి ట్రెవర్ వాళ్ళతో ఆట ఉంది బంగారం, అప్పటిదాకా పాతది కిందికి తీసుకెళ్తా. నువ్వెలాగూ వాడట్లేదుగా."

"తీసుకెళ్ళు."

తీగలు పీకి పట్టుకెళ్ళాడు. టేబుల్ మీద దుమ్ము గీసిన నలుచదరం మిగిలింది. దాన్ని తడిగుడ్డతో తుడిచాను, బట్టల కుప్ప మాత్రం మళ్ళీ అక్కడ పెట్టలేదు.

ఆ రాత్రి ఆట మధ్యలో డ్వేన్ మంచినీళ్ళకు వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు. "అదేంటి, కింద కూర్చున్నావ్? అంత టేబుల్ ఖాళీగా ఉంటే?"

"అది ఖాళీగా లేదు" అన్నాను. నేలమీద పరిచిన దుప్పటి మీద పిల్లల మేజోళ్ళకు జత వెతుకుతూనే ఉన్నాను.