వదిన మిషన్‌లో మాత్రం

మరిది కోడులో చేసిన మార్పు చిన్నదే, తేదీ తప్పుగా చూపించే చోట రెండు లైన్ల సవరణ. ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు తన కంప్యూటర్లో నడిపితే అన్నీ పచ్చగా పాసయ్యాయి. వదిన మిషన్‌లో మాత్రం ఎర్రగా ఫెయిలయ్యాయి. ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. ఈసారీ కుదరకపోతే ఉద్యోగంలోంచి తీసేస్తానని మేనేజరు ముందే చెప్పాడు.

వదిన అంటే వరసకు కాదు, సొంత అన్న భార్య. ఆ ఆఫీసులో ఎవరి కోడైనా ఆవిడ చేతిమీదుగానే ప్రాజెక్టులో కలవాలి. ఉద్యోగం ఇప్పించిన మనిషే ఇప్పుడు కాలడ్డం పెడుతోందని మనవాడి అనుమానం. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? ఆవిడ నవ్వితే ఎగతాళి, నవ్వకపోతే కక్ష. పొద్దున్నే కాఫీ తెచ్చిస్తే, తప్పు కప్పిపుచ్చుకోవడానికే అనుకున్నాడు.

"ఇంకోసారి టెస్ట్ చేసి పంపరాదూ?" అంది వదిన.

"చేశాను వదినా. నా దగ్గర బానే ఉంది."

"నా దగ్గర లేదు మరి."

"మీ దగ్గర ఎప్పుడుంది కనక?"

అక్కడితో ఆగితే బాగుండేది. తిన్నగా మేనేజరు దగ్గరికెళ్లి, వదిన కావాలనే తన పని చెడగొడుతోందని చెప్పేసి వచ్చాడు. మధ్యాహ్నం ఇద్దరినీ పిలిచి తేలుస్తానన్నాడు మేనేజరు.

ఇక రుజువు కావాలి. కోడులో కావాలని ఓ తప్పు పెట్టి, తన మిషన్ దాన్ని ఇట్టే పట్టేస్తుందని, కాబట్టి తేడా వదిన మిషన్‌లోనే ఉందని చూపించాలనుకున్నాడు. తేదీ ఉండాల్సిన చోట నోటికొచ్చిన చెత్తంతా టైప్ చేసి టెస్టులు నడిపాడు.

అన్నీ పచ్చగా పాసయ్యాయి.

చెత్త రాసినా పాసవడమేంటని మనవాడు వెతకడం మొదలెట్టాడు. వెతగ్గా వెతగ్గా తెలిసింది. తను మార్పులు చేస్తున్నది ఒక ఫోల్డర్లో, టెస్టులు నడుస్తున్నది పాత కాపీ ఉన్న ఇంకో ఫోల్డర్లో. ఇన్నాళ్లూ తను రాసిన ఒక్క లైనూ పరీక్షకు కూర్చోనే లేదు.

మేనేజరు గదికి పరుగెత్తేసరికి వదిన అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

"మీ మరిది చెప్పింది నిజమేనా?" అని అడుగుతున్నాడు మేనేజరు.

"నా మిషన్‌లోనే ఏదో తేడా ఉన్నట్టుంది సార్," అంది వదిన. "తప్పు నాది. వాణ్ణి తీసెయ్యకండి."

నోరు మూసుకుంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. సిగ్గుతో చచ్చిపోయాడు మనవాడు.

"సార్, ఆవిడ మిషన్ బానే ఉంది," అన్నాడు. "నేనే ఎప్పుడూ టెస్ట్ చెయ్యలేదు."

"నువ్వూరుకో," అంది వదిన.

ఊరుకోలేదు. ఫోల్డర్ల సంగతంతా చెప్పి, తన బ్యాగు సర్దుకోడానికి వెళ్లాడు.