మేజోళ్ళ కింద డబ్బాలు

సంచి అడుగున పెట్టడానికి మాంసం ఉండల డబ్బాలు రెండు తీసింది గున్వోర్. వాటి మీద ఉన్ని మేజోళ్ళు కప్పేస్తే సరి, ఎవరికీ కనబడవు. ఏటా చేసే పనే. వెనక బల్ల దగ్గర కాఫీ తాగుతున్న మొగుడు ఒద్వార్ చూడనే చూశాడు.

"ఈసారైనా అవి లేకుండా బయల్దేరదాం మహాతల్లీ! వాటి వాసనకే చేపలు పారిపోతున్నాయని నాన్న మొత్తుకుంటున్నాడు."

మామగారు తోర్లైవ్ ఇంటి నియమం అది. వేసవి మొదట్లో కొండ చెరువుకి ట్రౌట్ చేపల వేటకి వెళ్ళేటప్పుడు ఇంటి నుంచి మాంసం గానీ చేప గానీ పట్టుకెళ్ళకూడదు. ఆలుగడ్డలు, వెన్న, పులిసిన మీగడ, ఎండు రొట్టె, అంతే. మిగతాది చెరువు పెడుతుంది. తిండి మోసుకెళ్తే చెరువుని నమ్మనట్టు, నమ్మనివాళ్ళకి చేప చిక్కదు. ముత్తాతల నాటి మాట. ఆ ముత్తాతలు చేప చిక్కని రోజున ఏం తిన్నారో మాత్రం ఎవరూ చెప్పరు. గున్వోర్‌కి చెప్పింది అత్తగారు బోర్గిల్డ్. కొత్త కోడలిగా వచ్చిన ఏడాది, ఇదే వంటింట్లో చెవి దగ్గరకొచ్చి, "అడుగున రెండు డబ్బాలు పెట్టుకో. చేపలు పడకపోతే తియ్యి. ఎవరితో అనకు," అంది. ఆవిడ పోయింది గానీ ఆ పని పోలేదు. చేపలు పడిన ఏడు గున్వోర్ ఆ డబ్బాల్ని ఎవరూ చూడకుండా మళ్ళీ కిందికి మోసుకొచ్చేది. పడని ఏడు తీసి వేడి చేసేది. మగవాళ్ళిద్దరూ అడుగంటా ఊడ్చుకు తిని, మూతి తుడుచుకుంటూ, "ఇవి తెచ్చావు కాబట్టే పడలేదు," అనేవాళ్ళు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

పోయిన క్రిస్మస్‌కి బంధువులందరి ముందూ మామగారు ఇదే కథ విప్పాడు. "మా కోడలికి దేవుడి మీద నమ్మకం ఉంది గానీ చెరువు మీద లేదు!" అందరూ పడీ పడీ నవ్వారు. గున్వోర్ కూడా నవ్వింది. అలా నవ్వినందుకే ఆమెకి ఇప్పటికీ తన మీద తనకి కోపం. వారమంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. అక్కడ మడతపెట్టినందుకు జీతమిస్తారు. ఇంట్లో మడతపెడితే అంచులు కలవలేదంటారు.

"కొండ మీద మంచు పోలేదు ఒద్వార్," అంది కిటికీలోంచి చూపిస్తూ. "చెరువు గడ్డకట్టే ఉంటుంది. ఇంకో రెండు వారాలాగుదాం."

"జూన్ నెలలో మంచేమిటి? నాన్న పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాడు ఆ కొండని. నువ్వు గిన్నెలు తోముతూ చూసి చెప్తావా?"

గున్వోర్ డబ్బాలు రెండూ తిరిగి అలమరలో పెట్టి తలుపు మూసింది. నమ్మమంటున్నారు కదా, ఈసారి నమ్ముదాం. గుమ్మంలో కూచుని, తడి దిగకుండా బూట్లకి కొవ్వు రాసుకుంటున్న కూతురు తూరిద్ తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ బూటు మీదకి వంగింది.

మర్నాడు వెళ్ళేసరికి, చలికాలంలో కొండ దారి మూసే గేటు ఇంకా వేసే ఉంది. అక్కడ పారతో మంచు ఎత్తిపోస్తున్న మనిషి, "పైన మోకాలి లోతుంది. చెరువింకా కరగలేదు," అన్నాడు.

"అవునవును, ఈ ఏడు చలి ఎక్కువ కదా," అన్నాడు ఒద్వార్, ముందే తెలిసినవాడిలా. అదే మాట నిన్న పెళ్ళాం నోట వస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

"వేటకని బయల్దేరి గేటు చూసి వెనక్కి తిరిగితే ఊరంతా నవ్వుతుంది," అన్నాడు తోర్లైవ్. "చెరువు పక్కన మన గుడిసె దాకా పోదాం పదండి."

కారు వదిలి నడిచారు. మెత్తబడిన మంచు అడుగడుక్కీ కాలిని మింగేస్తోంది. గేలాలు మగవాళ్ళ భుజాన, ఆలుగడ్డలు ఆడవాళ్ళ వీపున. పైకి చేరేసరికి చెరువు ఒడ్డెక్కడో నీళ్ళెక్కడో తెలియనంత తెల్లగా ఉంది. తను చెప్పిందే నిజమైనందుకు సంతోషం కలుగుతుందేమో అనుకుంది గున్వోర్. కలగలేదు. కాళ్ళు తడిసి కొయ్యబారిపోయాయి, అంతే.

గుడిసెలో పొయ్యి రాజేసి, తడి మేజోళ్ళు ఆరేసి, ఆలుగడ్డలు ఉడకేసింది. మగవాళ్ళు బల్ల ముందు చేతులు రుద్దుకుంటూ కూచున్నారు.

"చెరువు తలుపేసుకుంది," అన్నాడు ఒద్వార్. "సరే, తియ్యి మరి."

"ఏం తియ్యాలి?"

"అదే, నీ అపనమ్మకం!" తండ్రీ కొడుకులు గొల్లున నవ్వారు.

"తేలేదు."

అతను నమ్మలేదు. లేచి ఆమె సంచి బోర్లించాడు. పొడి మేజోళ్ళు రాలాయి, ఇంకేం రాలలేదు. "నిజంగానే తేలేదా? బుద్ధుండే చేశావా? నాన్న పొద్దుట్నుంచి ఏం తిన్నాడని!"

"ఇంటి ఆడదానికి ఆ మాత్రం ముందుచూపు లేకపోతే ఎలాగమ్మాయ్?" అన్నాడు తోర్లైవ్, నిజంగానే నొచ్చుకుని.

"నమ్మమన్నారు. నమ్మాను మావయ్యగారూ."

తండ్రి కొడుకు వైపు చూశాడు, కొడుకు ఖాళీ సంచి వైపు. గున్వోర్‌కి ప్రాణం హాయిగా ఉంది. ఇన్నేళ్ళలో ఈ గుడిసెలో అంత హాయిగా ఎన్నడూ లేదు.

"తగువెందుకు నాన్నా," అంటూ తూరిద్ తన సంచిలో చెయ్యి పెట్టింది. మేజోళ్ళు పక్కకి నెట్టి, అడుగు నుంచి రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది. "అమ్మ అలమరలో పెట్టేసింది కదా, అవసరమవుతాయని నేను తెచ్చాను."

తోర్లైవ్ ముఖం వెలిగిపోయింది. "అదీ! అచ్చం మా బోర్గిల్డ్ పోలిక! దీన్ని చేసుకునేవాడు అదృష్టవంతుడు!"

గున్వోర్ ఆ డబ్బాల మీంచి కూతురి వైపు చూసింది. ఆ పిల్ల చెవిలో తనెప్పుడూ ఏమీ చెప్పలేదు. ఈ పని తనతో ఆగిపోతుందనే అనుకుంది. పిల్లకి చెప్పక్కర్లేకపోయింది. ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తూనే ఉంది.

తూరిద్ డబ్బాలు వేడిచేసి, నాలుగు ప్లేట్లు పరిచింది. తాతకీ తండ్రికీ నిండుగా వడ్డించబోతూ, "నీకెంత పెట్టనమ్మా? నాకొద్దులే, పెద్ద ఆకలి లేదు," అంది.

గున్వోర్ కూతురి చేతిలోంచి గరిటె లాక్కుంది. మామగారి ముందున్న ప్లేటూ మొగుడి ముందున్న ప్లేటూ తీసి పక్కన పెట్టింది. రెండు డబ్బాలూ తక్కిన రెండు ప్లేట్లలోకి ఒంపింది. తూరిద్ భుజం పట్టి కూచోబెట్టింది.

"ఆకలి లేదనకు. పెళ్ళైనప్పట్నుంచీ నేనూ అదే అంటున్నాను, ఒక్కనాడూ నిజం కాదు. తిను."

"మరి మాకో?" అన్నాడు తోర్లైవ్.

గున్వోర్ ఆలుగడ్డల గిన్నె ఆయన ముందుకి జరిపి, కూతురి పక్కన కూచుని చెంచా అందుకుంది.

"మిగతాది చెరువు పెడుతుంది, మావయ్యగారూ."