మీ బాబు ఎలా ఉన్నాడు

"సర్వనాశనమైపోతారు" అన్న మాటకి ఎదురుగా కోపం గడిలో టిక్కు పెట్టి, ఆయన కళ్ళజోడు సర్దుకుని తరవాతి వ్యాఖ్యకి దిగాడు. "దొంగల్లారా" అని ఉంది. అదీ కోపమే. దాని కింద ఎవరో ఇల్లు అద్దెకిస్తామని ప్రకటన పెట్టుకున్నారు. ఊరంతా తగలబడుతున్నా అద్దెకుండే వాళ్ళు కావాలి కాబోలు అనుకుంటూ దాన్ని 'సంబంధం లేనివి'లోకి తోసేశాడు.

యూనివర్సిటీలో ఆ గది ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసుకునే కొట్టు. ఇప్పుడు అందులో ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఇంటావిడ కుట్టిచ్చిన దిండు వేసిన ఒక కుర్చీ, ఆయన. కిటికీలోంచి చూస్తే పక్క భవనం గోడ, దాని మీద వాన నీళ్ళ చారలు తప్ప ఏమీ కనిపించవు. మనిషి సన్నగా, కాస్త ముందుకి వంగి ఉంటాడు. కుడిచేతి చూపుడు వేలు అక్షరాల కింద పెట్టి పెట్టి అలాగే ఒంపు తిరిగిపోయింది. ముప్పయ్యేళ్ళు పైగా ఓ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. ఆ పత్రిక మూతబడ్డాక ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే, తెలిసినవాళ్ళు ఇక్కడికి పంపారు. అందరూ ఆయన్ని ప్రూఫుల బాబాయిగారు అంటారు.

ప్రొఫెసరమ్మ చేసే పరిశోధన ఏమిటంటే, ఒక సంస్థ నెత్తిన ఆపద పడ్డప్పుడు అది జనానికి ఏం చెప్పింది, విన్న జనం ఏమన్నారు అని. ఈసారి ఆమె పట్టుకున్నది ఓ పాలపొడి కంపెనీ సంగతి. ఏడాదిన్నర కిందట ఆ పాలపొడి తాగిన పసివాళ్ళు కొందరు ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరు దక్కలేదు. అప్పుడు కంపెనీ తన ఫేస్‌బుక్ పేజీలో ఒక ప్రకటన పెట్టింది. 'నాణ్యత విషయంలో మేము రాజీ పడము. వదంతులు నమ్మకండి' అని. దాని కింద వేలమంది ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. అవన్నీ పేర్లు తీసేసి వరసగా పేర్చారు. కోపం, దుఃఖం, వెటకారం, మెచ్చుకోలు, సంబంధం లేనివి అని అయిదు గళ్ళు. ఏ మాట ఏ గడిలోకి వెళుతుందో ఆయన తేల్చాలి. పక్కగదిలో ఒక అమ్మాయి అవే మాటలు విడిగా చదివి తేలుస్తుంది. ఒకళ్ళనొకళ్ళు అడక్కూడదు. ఇద్దరికీ ఒకేలా తోస్తేనే ఆ లెక్క నమ్మదగ్గది.

"ఊళ్ళో వాళ్ళ తిట్లన్నీ చదవడానికి మీకో ఉద్యోగం!" అంటుంది ఇంటావిడ. "నేను ఇంట్లో తిడితే మాత్రం పేపరు అడ్డం పెట్టుకుంటారు."

ఆయన నవ్వి ఊరుకుంటాడు. పని మటుకు ఆయనకి పాతదే. పత్రికలో ఉన్నప్పుడు చావు ప్రకటనలు ఆయన బల్ల మీదికే వచ్చేవి. 'కన్నీటితో' అన్న చోట 'కన్నిటితో' అని పడితే దీర్ఘం ఇచ్చి పంపేవాడు. ఆ కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు కింది అంతస్తులో కౌంటరు దగ్గర నిలబడి ఉండేవాళ్ళు. ఆయన పై అంతస్తులో ఉండేవాడు. వాళ్ళ మొహాలు ఎన్నడూ చూడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ముగ్గురూ కూర్చున్నారు. ఇద్దరికీ పొసగని మాటలు ప్రొఫెసరమ్మ ఒక్కొక్కటే తెర మీద చూపిస్తోంది. చాలావరకు తేలిగ్గానే తెగిపోయాయి. ఒకటి దగ్గర మాత్రం ఆగిపోయారు.

'మీ పాలపొడి చాలా మంచిది. మా వాడు ఇప్పుడు రాత్రిళ్ళు అస్సలు ఏడవడం లేదు.'

"నేను మెచ్చుకోలులో పెట్టాను మేడం" అంది పక్కగది అమ్మాయి. ఆమెకీ ఇంట్లో చంటిపిల్ల ఉంది. "పిల్లలు రాత్రి ఏడవకపోతే ఎంత సుఖమో తల్లులకే తెలుస్తుంది."

ఆయన దుఃఖంలో పెట్టాడు. ఎందుకని ప్రొఫెసరమ్మ అడిగింది.

"ఏడవడం లేదంటే..." అని ఆగాడు. "ఇంక ఏడవడమ్మా. ఆ పిల్లాడు ఇంక ఏడవడు."

అమ్మాయి చప్పున తెర వైపు తిరిగింది. మళ్ళీ చదివింది. ఆమె మొహంలో రంగు మారింది.

"అలా కూడా ఉండొచ్చు" అంది ప్రొఫెసరమ్మ మెల్లగా. "వెటకారమూ అయ్యుండొచ్చు. నిజంగా మెచ్చుకునీ ఉండొచ్చు. మనకి తెలీదు. దీని కింద కంపెనీ వాళ్ళు జవాబు కూడా ఇచ్చారు, చూడండి."

'మీ ఆదరణకు ధన్యవాదాలు' అని ఉంది. పక్కన చేతులు జోడించిన బొమ్మ.

పైన ఫ్యాను కిర్రుమంటోంది.

"మనం అడగొచ్చా?" అన్నాడు ఆయన.

"ఎవర్ని?"

"రాసినావిణ్ణి. పిల్లాడెలా ఉన్నాడని."

ప్రొఫెసరమ్మ కోప్పడే మనిషి కాదు. "కుదరదు బాబాయిగారూ. మనం చూసేవాళ్ళం, అంతే. మనం వెళ్ళి వేలు పెడితే ఇది ఇంక పరిశోధన అవదు. పైగా మనం పేర్లు తీసేసింది ఎవరూ వాళ్ళని వెతుక్కుంటూ పోకూడదనే కదా. ఒకవేళ మీరన్నదే నిజమైతే, మానుతున్న పుండు కెలికినట్టు కాదూ?"

ఆమె అన్నది సబబుగానే ఉంది. ఆయన తలూపాడు. గదికి వచ్చి కూర్చున్నాడు. ఇంకో నాలుగు మాటలు గళ్ళలో పెట్టాడు. అయిదోది మూడుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఏడాదిన్నరగా ఆ జోడించిన చేతులు అక్కడే ఉన్నాయన్న సంగతి ఆయన్ని ఉన్నచోట ఉండనివ్వలేదు.

లేచి ప్రొఫెసరమ్మ గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నేను మానేస్తానమ్మా."

ఆమె చేతిలో కలం బల్ల మీద పెట్టింది. "దాని కోసమా?"

"మీ పని పాడుచెయ్యడం నాకిష్టం లేదు. మీ దగ్గర ఉండి అడిగితే తప్పు. మానేసి అడిగితే నేనెవరో, మీరెవరో."

"ఆవిడ జవాబు ఇవ్వకపోవచ్చు. తిట్టొచ్చు కూడా."

"తిట్లు నాకు అలవాటేగా."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే పోయింది కూడా. "ఆ పేజీ అందరిదీ. మీరు మా మనిషి కానప్పుడు ఆపడానికి నేనెవర్ని" అంది. కాస్త ఆగి, "అడిగేదేదో మెత్తగా అడగండి" అంది.

పక్కగది అమ్మాయికి చెప్దామని తలుపు తోశాడు. ఆమె చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తెర మీదే కళ్ళు నిలిపి ఉంది. కదిలించబుద్ధి కాలేదు. తలుపు చేరవేసి మెట్లు దిగిపోయాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఫోను తీసి ఆ పేజీ పట్టుకుని, ఏడాదిన్నర వెనక్కి జరుపుకుంటూ పోయాడు. తను గళ్ళలో పెట్టిన మాటలన్నీ పేర్లతో, మొహాలతో ఎదురయ్యాయి. సర్వనాశనమైపోతారన్నది ఒక ముసలాయన, ఒళ్ళో పిల్లిని పెట్టుకుని ఉన్నాడు. ఆవిడ మాట కనిపించేసరికి బస్సు సగం ఖాళీ అయింది.

రాయడానికి చాలాసేపు పట్టింది. పుట్టి బుద్ధెరిగాక నలుగురూ చదివేలా ఆయన సొంతంగా రాస్తున్న మొదటి వాక్యం అది. ముందు పెద్దదిగా రాశాడు. దిద్దాడు. కొట్టేశాడు. చివరికి మిగిలింది ఇంతే: 'అమ్మా, మీ బాబు ఎలా ఉన్నాడు?'

దిగాల్సిన స్టాపు ఇంకా రాకముందే ఫోను మోగింది.

'బాగున్నాడండీ! ఇప్పుడు పరుగులు. ఒక్కచోట నిలవడు. అది రాశాకే ఆ గొడవ సంగతి తెలిసి ప్రాణం పోయినంత పనయింది, డాక్టరు చూసి ఏం పర్లేదన్నారు, డబ్బా మాత్రం మార్చేశాం. ఇంతకీ మీరెవరు?'

ఆయన అది రెండుసార్లు చదివాడు. ప్రూఫు చదివినట్టు కాదు, వేలు పెట్టకుండా చదివాడు. పక్కగది అమ్మాయే సరిగ్గా పెట్టింది. తను తప్పు. ఇంత తప్పు చేసి ఇంత తేలికపడడం ఎప్పుడూ ఎరగడు. బస్సులో ఒక్కడే నవ్వుతుంటే ఎదుటి సీటావిడ సంచీ దగ్గరికి లాక్కుంది.

'ఎవరూ కాదమ్మా. ఊరికే అడిగాను' అని రాశాడు.

ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పుతూ, "రేపట్నుంచి వెళ్ళక్కర్లేదు" అన్నాడు.

"తీసేశారా?" అంది ఇంటావిడ.

"మానేశాను. ఒకావిడకి ఒక ముక్క రాయాలనిపించి."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "పెళ్ళయి ఇన్నాళ్ళయింది, నాకు ఒక్క ముక్క రాశారా?" అంటూనే పక్కన కూర్చుంది. "ఊఁ, చెప్పండి. ఏం రాశారేంటి?"

సాయంత్రం పక్కగది అమ్మాయి ఇంటికి పోతూ, బాబాయిగారు ఇంకా లేవలేదేమిటా అని తొంగిచూసింది. కంప్యూటరు కట్టేసి ఉంది. బల్ల ఖాళీగా ఉంది. కుర్చీలో మాత్రం పాత చీర గుడ్డతో కుట్టిన చిన్న దిండు ఒకటి, అంచున దారం ఊడి, మధ్యలో మనిషి కూర్చున్నంత మేర పల్లం పడి, అలాగే ఉంది.