అత్త వైపు వంగే గాలం కర్ర

ఆ ఇంట్లో అత్త ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎవరూ గదులన్నీ వెతకరు. హాల్లో గోడ మీదున్న పాత గాలం కర్ర వైపు ఓసారి తలెత్తి చూస్తారు, అంతే. సన్నటి కొస వంటింటి వైపు వంగి ఉంటే అత్త వంటింట్లో ఉందన్నమాట. పెరటి వైపుంటే బట్టలు ఆరేస్తోంది. నేలకేసి వాలిపోయి ఉంటే దాని కిందే ఎక్కడో కూర్చుని గచ్చు తుడుస్తోంది. చూసినవాళ్ళు అటు తిరిగి "అత్తా, టీ!" అని ఒక్క కేక వేస్తారు.

ఎందుకిలా అని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గోడ గడియారం టైము ఎందుకు చెబుతోందని అడుగుతామా? పైగా ఇది గడియారం కన్నా నయం, కీ ఇవ్వక్కర్లేదు. కర్ర వంగేది అత్త కోసమైతే అది ఎవరిదై ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివితేటలు కూడా అక్కర్లేదు. కానీ ఊహిస్తూ కూర్చుంటే టీ చల్లారిపోతుంది కదా!

ఇంటి యజమాని అత్తకి మేనల్లుడు. ఊళ్ళో గాలాల క్లబ్బుకి ప్రెసిడెంటు. కట్టుకున్న భార్యతో సహా అందరూ ప్రెసిడెంటుగారనే పిలుస్తారు. ఆయన గొప్పంతా ఆ కర్ర మీదా, దాని కింద వేలాడే ఫోటో మీదా నిలబడింది. ఫోటోలో ఆయన తాతగారు, అంటే అత్త తండ్రి, ఏటి ఒడ్డున ఒక చేత్తో తనంత పొడుగు చేపనీ, ఇంకో చేత్తో ఈ కర్రనీ పట్టుకుని మీసాల్లోంచి నవ్వుతుంటాడు. ఆ ఏట్లో అంత చేప మళ్ళీ ఎవరికీ పడలేదు. ఇంటికొచ్చినవాళ్ళు కుర్చీలో సర్దుకునేలోపే ప్రెసిడెంటుగారు కథ మొదలుపెట్టేవారు. తాతగారు రోజంతా చేపతో పెనుగులాడారట. చేతులు చీరుకుపోయి రక్తాలు కారాయట. సరిగ్గా రక్తం దగ్గరికి వచ్చేసరికి వంటింట్లో గిన్నె ఒకటి దబ్బున పడేది.

"మా అత్తకి పట్టు తప్పుతోందండీ, వయసు" అనేవారు ప్రెసిడెంటుగారు జాలిగా.

వయసూ కాదు, పట్టు తప్పడమూ కాదు. ఒళ్ళుమంట. చెప్పినవాడికి సిగ్గు లేకపోతే వినే గిన్నెలు ఎన్నాళ్ళని ఊరుకుంటాయి?

చివరికి ఆ కర్రని మ్యూజియానికి ఇచ్చేద్దామని ప్రెసిడెంటుగారు నిర్ణయించారు. అద్దాల పెట్టె, లోపల లైటు, కింద ఇత్తడి పలక మీద తాతగారి పేరు, దాని కింద కాస్త చిన్న అక్షరాల్లో తన పేరు. అత్తని ఎవరూ అడగలేదు. వచ్చేవాళ్ళకి టీ పెట్టమని మాత్రం చెప్పారు.

మ్యూజియం నుంచి ఒక మేడమ్ వచ్చింది. కర్ర ఎవరు చేశారో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తేల్చందే వాళ్ళు తీసుకోరట. కర్రని భోజనాల బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కొస నుంచి చూసుకుంటూ వచ్చింది. ఆరు వెదురు బద్దల్ని చిత్రిక పట్టి, అతుకు తెలియకుండా అంటించారు. దారం వెళ్ళే రింగుల్ని ఎర్ర పట్టుదారంతో కట్టి, మధ్యలో ఒకే ఒక్క ఆకుపచ్చ చుట్టు వేశారు.

"ఈ ఆకుపచ్చ చుట్టు ఒక్క వర్క్‌షాపులోనే వేసేవారు. అది మూతపడి చాలా కాలమైంది. వాళ్ళు ముందే చేసి అమ్మేవారు కాదు. మనిషిని పిలిపించి, తడిమట్టి ముద్దని పిడికిట్లో నొక్కించి, ఆ అచ్చుకి సరిపడా పిడి చెక్కేవారు" అంది మేడమ్.

"ఇంకేం! మా తాతగారి పిడికిలన్నమాట" అన్నారు ప్రెసిడెంటుగారు.

"చూద్దాం. పైన ఈ రబ్బరేంటి?"

"నేనే వేయించా. చేతికి పట్టు చాలక."

మేడమ్ రబ్బరు కోసి తీసింది. కింద గుడ్డ టేపు. "అది మా నాన్నగారు చుట్టింది" అన్నారాయన. టేపు ఊడదీస్తే కింద కుట్టిన తోలు. "అదిగో! అదే తాతగారిది!"

"తోలు ఆయనదే అయ్యుండొచ్చు" అంటూ ఆమె కుట్లు విప్పింది.

లోపల చెమటకి నల్లబడిన కార్కు పిడి బయటపడింది. గరిటె కాడంత సన్నగా ఉంది. ప్రెసిడెంటుగారు ఆత్రంగా పట్టుకుంటే ఆయన గోళ్ళు ఆయన అరచేతిలోనే గుచ్చుకున్నాయి. పిడి మీద బొటనవేలి కోసం చేసిన గుంట ఉంది. ఆయన వేలు ఎంత తిప్పినా అందులో పడలేదు.

"ఎడంచేతి పిడి. అదీ చిన్న చెయ్యి" అంది మేడమ్.

అప్పుడే అత్త టీ ట్రేతో వచ్చింది. ఆమె నడిచినంత మేరా కర్ర కొస బల్ల మీద ఆమె వైపే జరుగుతూ వచ్చింది. మేడమ్ తన కాగితాలు పక్కకి లాక్కుని దారిచ్చి, ఫోటో దగ్గరికి నడిచింది.

"ఇందులో కూడా కొస పక్కకి వంగి ఉందే. ఇటువైపు ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. గాలి" అన్నారు ప్రెసిడెంటుగారు.

"నేనున్నాను" అంది అత్త.

ట్రే బల్ల మీద పెట్టింది. పెట్టింది ఎడంచేత్తోనే.

"గాలా? నేను గాలినట్రా? ఆ కర్ర మా అమ్మ నాకు చేయించింది. నాది ఎడంచేతి వాటమని తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళి మట్టి నొక్కించింది. ఆ చేప నేను పట్టాను. రోజంతా పెనుగులాడలేదు, రక్తమూ కారలేదు. నవ్వుతూ లాగాను. మా నాన్న నిద్ర లేచి వచ్చేసరికి చేప గట్టు మీద ఉంది. ఆడపిల్ల పట్టిందంటే ఎవరు నమ్ముతారు, ఇలా ఇవ్వు అని లాక్కుని, నన్ను పక్కకి జరగమని ఫోటో తీయించుకున్నాడు. పిడి తన చేతికి చాల్లేదని తోలు కుట్టించాడు. తర్వాత మీ నాన్న, తర్వాత నువ్వు. నాకు సరిపోయిందాన్ని ముగ్గురూ కలిసి లావు చేసి, నాకు అందనంత ఎత్తులో మేకులు కొట్టారు."

"అది కాదత్తా, ఎవరు పట్టుకుంటే ఏముంది, మన ఇంటి చేపేగా! ఇప్పుడు బయటివాళ్ళ ముందు..."

"బయటివాళ్ళు నయంరా, అడిగారు. నువ్వు బడి నుంచి రాగానే ఆ కర్రని చూసే కదా నన్ను వెతుక్కునేవాడివి? ఆకలేసినా అదే, దెబ్బ తగిలినా అదే. ఇది నీ వైపే ఎందుకు తిరుగుతోందత్తా అని ఒక్కసారైనా అడిగావా?"

ప్రెసిడెంటుగారు కర్ర వంక చూశారు.

"అలవాటైపోయిందత్తా" అన్నారు.

ఆ ఇంటి మగవాళ్ళు ఇన్నేళ్ళలో చెప్పిన నిజం అదొక్కటే. అందుకే అత్తకి ఇంకా మండింది.

మేడమ్ కలం మూత పెట్టింది. "కర్ర మీదేనని తేలింది కాబట్టి మీరిస్తేనే తీసుకుంటానమ్మా. పలక మీద మీ పేరే ఉంటుంది."

"ఇంకా నయం! ఇన్నేళ్ళు గోడకి, ఇప్పుడు పెట్టెకా? ఇవ్వను."

ఇత్తడి జాయింటు దగ్గర పట్టి లాగి కర్రని రెండు ముక్కలు చేసింది. దుప్పట్లో చుట్టింది. చెప్పులేసుకుంది. అప్పటిదాకా గుమ్మంలో గుడ్లప్పగించి చూస్తున్న ప్రెసిడెంటుగారి భార్యకి అప్పుడు నోరు పెగిలింది.

"పిన్నిగారూ, మరి రాత్రికి వంటో?"

"పొయ్యి ఎక్కడుందో చూపించడానికి కర్ర అక్కర్లేదమ్మాయ్" అని అత్త వీధిలోకి దిగిపోయింది.

ఏటి ఒడ్డున బస్సు దిగి, ముక్కలు రెండూ బిగించి, పిడిని ఎడంచేత పట్టుకుంది. చెయ్యి ముడతలు పడినా బొటనవేలు గుంటలోకి తిన్నగా వెళ్ళి కూర్చుంది. కర్ర నిటారుగా ఒకసారి వణికి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె వైపు కాకుండా నీళ్ళ వైపు వంగింది. పడవ కడుతున్న మనిషిని అత్త అడిగింది, "ఇక్కడ అద్దెకి గది దొరుకుతుందా?"

సాయంత్రం ప్రెసిడెంటుగారు టీ కోసం హాల్లోకి వచ్చి, ఎప్పట్లాగే తలెత్తి చూశారు. గోడ మీద రెండు మేకులు, వాటి మధ్య సున్నం వెలిసిపోని ఒక పొడవాటి గీత. వంటింటి వైపు తిరిగారు. పెరటి వైపు తిరిగారు. మేడ మెట్ల వైపు కూడా చూశారు. "అత్తా" అని పిలవబోయి ఆగిపోయారు. ఎటు తిరిగి పిలవాలో ఆయనకి తెలియలేదు.