బ్రే మీద ఎదురైనవాడు

మా రేవులో ఒడ్డు నుంచి పై వీధికి ఎక్కే ఏటవాలు దారిని బ్రే అంటాం. స్కాట్లాండులో ఇలాంటి దారి ఏదైనా బ్రేనే. పాలవాడు బ్రే ఎక్కుతాడు, పిల్లలు బ్రే మీద జారతారు. ఎవరికైనా జబ్బు ముదిరితే మాత్రం గొంతు తగ్గించి, "పాపం, బ్రే దిగుతున్నాడు" అంటారు.

ఆ నవంబరులో పడవలు కట్టే వాటీ గెడెస్ గురించి అందరూ అదే అన్నారు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆరు వారాలుగా మంచం మీదున్నాడు. నర్సు ఎఫీ మచ్ రోజూ మధ్యాహ్నం పైకెళ్లి చూసొచ్చేది.

ఒకరోజు సముద్రం మీంచి మంచు కమ్మేసింది. బ్రే ఎక్కుతున్న ఎఫీకి సగం దారిలో వాటీయే ఎదురొచ్చాడు. రాత్రి చొక్కా, ఉత్తకాళ్లు, చకచకా నడక.

"మతిపోయిందా వాటీ? ఈ చలిలో ఎక్కడికి?"

"కిందికేనమ్మా. కాళ్లు వాటంతటవే పోతున్నాయి" అంటూ దాటిపోయాడు.

వెనక్కి తిరిగితే మనిషి లేడు. రాళ్ల మీద అడుగుల చప్పుడూ లేదు.

ఎఫీ పైకి పరుగెత్తింది. వాటీ చెల్లెలు బీనీ తలుపు తీసి, "ఏంటే, కుక్క తరిమిందా?" అంది.

వాటీ మంచంలోనే ఉన్నాడు. ఎఫీ దుప్పటి ఎత్తి చూస్తే పాదాలు తడిగా ఉన్నాయి. వేళ్ల సందుల్లో ఇసుక.

అతను కళ్లు తెరిచాడు. "దారిలో కనిపించానా?"

"కనిపించావు."

"ఎక్కుతున్నానా, దిగుతున్నానా?"

ఇరవై ఏళ్లలో ఏ రోగికీ ఎఫీ అబద్ధం చెప్పలేదు. "ఎక్కుతున్నావు. నా సంచి పట్టుకోమంటే తిట్టావు కూడా."

వాటీ కళ్లు మూసుకున్నాడు. దుప్పటి కింద కాళ్లు కదలడం మొదలైంది. ఒకటి తర్వాత ఒకటి, బరువుగా. రొప్పాడు, చెమటలు కారాయి. దీపాలు పెట్టే వేళకి జ్వరం దిగి, సూప్ అడిగాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. అతన్ని పూడ్చిపెట్టిన రోజు ఎఫీ నాతో ఇదంతా చెప్పింది.

"అబద్ధమాడినందుకు బాధలేదు" అంది. "వాడు రొప్పుతున్నంతసేపూ కింది నుంచి ఎవరో వాణ్ణి పేరుపెట్టి పిలుస్తూనే ఉన్నారు. కోపం లేదు, తొందర లేదు. బీనీకీ వినబడింది. నా మొహం చూడకుండా లేచి, రేడియో గట్టిగా పెట్టింది."