ఎదురు కొండ కాఫీ

విశాఖలో జరిగే ఎగ్జిబిషన్‌లో మన్యం కాఫీకి ఒక స్టాల్ ఇస్తామన్నారు. మా సంఘమూ, ఎదురు కొండ సంఘమూ దరఖాస్తు పెట్టాయి. తమ కాఫీ గురించి ఇంగ్లీషులో అరపేజీ బాగా రాసినవాళ్లకే స్టాల్. అది దొరికితే గింజలు సంతలో షావుకారు చెప్పిన ధరకు వదిలేయకుండా, మేమే వేయించి పొడి కొట్టి అమ్ముకోవచ్చు. ఊళ్లో ఇంటర్ దాకా చదివింది నేనే కాబట్టి రాత నా మీద పడింది.

రాసేవాళ్లకు పాడేరులో రెండు రోజుల శిక్షణ పెట్టారు. నేర్పడానికి వచ్చిన వరహాలరావు గారు, పోలిక లేనిదే కొనేవాడు కదలడన్నారు. అరపేజీలో ఒక్క పోలికైనా ఉండి తీరాలన్నారు. నేను 'ఎదురు కొండ కాఫీలా కాకుండా' అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, కామా పెట్టి, 'మా ఆడవాళ్లు ఎర్రటి పళ్లే కోస్తారు' అని రాశాను. ఆయన దాని చుట్టూ ఎర్ర గీత గీశారు.

"కాఫీని తీసుకెళ్లి ఆడవాళ్లతో పోల్చావమ్మా. కామాకి ఇటు ఏది పెడితే, అటు వెంటనే దాని జతే రావాలి. కాఫీకి కాఫీ."

దిద్దాను. 'ఎదురు కొండ కాఫీలా కాకుండా, మా కాఫీ ఎర్రటి పళ్లతోనే తయారవుతుంది.' ఆయన దాన్ని బోర్డు మీద రాయించి అందరిచేతా చదివించారు. వెనక బల్ల మీద కూర్చున్న ఎదురు కొండ ఫల్గుణ చదవడమే కాదు, నోట్సులో ఎక్కించుకున్నాడు.

ఊరికి వచ్చి, కల్లంలో పళ్లు ఆరబోస్తున్న ఆడవాళ్లకు నా రాత చదివి అర్థం చెప్పాను. కనక పిన్ని చేతులు ఆగిపోయాయి.

"ఏటే గుంటా, మొన్న ఆ కొండ మీద పళ్లు కోసింది ఎవులు? మనమే కదేటి. పచ్చివి కోసింది నువ్వా, నేనా?"

నిజమే. వాళ్ల తోట పండితే మేమంతా అటు వెళ్తాం. మా తోట పండితే వాళ్లంతా ఇటు వస్తారు. ఇందులో కూలి ఉండదు, భోజనమే. పోలిక తప్పదని సార్ చెప్పారన్నాను. ఉండనీ, అబద్ధం మాత్రం వద్దని అందరూ తేల్చారు. అందుకని 'ఎదురు కొండ కాఫీలాగే, మా కాఫీ కూడా రెండు ఊళ్లవాళ్లం కలిసి కోసిన ఎర్రటి పళ్లతో తయారవుతుంది' అని మార్చి పంపాను.

వరహాలరావు గారు ఫోన్ చేసి, కామా దగ్గర నుంచి అన్నీ సరిగ్గా ఉన్నాయని, వచ్చే బ్యాచ్‌కి నా వాక్యాన్నే నమూనాగా చూపిస్తానని మెచ్చుకున్నారు. స్టాల్ ఎదురు కొండకు వెళ్లింది. ఫల్గుణ తను రాసింది వాళ్ల ఊళ్లో ఎవరికీ చదివి వినిపించలేదట.

వారం తర్వాత అతను తల వంచుకుని మా కల్లానికి వచ్చాడు. వాళ్ల ఆడవాళ్లకు పట్నంలో నిలబడాలంటే బెరుకట, మమ్మల్ని సాయం రమ్మన్నాడు. కోతకు వెళ్లేవాళ్లం అమ్మకానికి రామని ఎలా అంటాం? నేనూ పిన్నీ వెళ్లాం. మా వెనక గోడంత బోర్డు, దాని మీద నేను పాడేరులో దిద్దుకున్న వాక్యం. వాళ్లకు ఎదురు కొండ అంటే మాదే.

రెండో రోజు కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ బోర్డు చదివి, ఒక గ్లాసు తాగి, ఆ ఎదురు కొండ కాఫీ ఎలా ఉంటుందని అడిగింది. పిన్ని తను తాగడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న పొడితో ఇంకో గ్లాసు కలిపి ఇచ్చింది. ఆవిడ రెండు గుక్కలు తాగి ముఖం చిట్లించింది.

"బోర్డు మీద ఉన్నది నిజమే. తేడా తెలిసిపోతోంది."

"రెండూ నానే కోసినానమ్మా," అంది పిన్ని.

ఆవిడ నవ్వి, మొదటి రకం రెండు ప్యాకెట్లు కట్టమంది. నేను కట్టి ఇచ్చాను.